రాగి వద్దన్నాను

బుధవారం, తార్నాక గది

ల్యాప్‌టాప్ గంట నుంచి ఆగలేదు. నిన్నటిదాకా పది నిమిషాలకే వేడెక్కిపోయి ఆరిపోయేది. థీసిస్ ఆఖరి అధ్యాయం అక్కడే ఇరుక్కుపోయింది. తెలంగాణ బంద్‌తో రిపేరు షాపులన్నీ మూతపడ్డాయి. ప్రాసెసర్ వేడి లాగే బిళ్ళ మనమే చేసుకుందామని రూమ్మేట్ ప్రసాద్ అన్నాడు. క్యాంపస్‌లో వాళ్ళ ఫిజిక్స్ ల్యాబ్ నుంచి రాగి పట్టీ ఒకటి అడిగి తెచ్చాడు కూడా.

నేను మాత్రం నిన్న క్యాంపస్ ర్యాలీలో పోలీసులు మా మీద పేల్చిన టియర్ గ్యాస్ షెల్ తీసి బల్ల మీద పెట్టాను. ఖాళీ అల్యూమినియం డొల్ల.

"రాగైతే వేడి తొందరగా లాగేస్తుందిరా," అన్నాడు.

"బరువైతది. నాకు గిదే గావాలె."

బరువు సంగతి అబద్ధం. మా మీద పేల్చినదే నా థీసిస్‌కు చాకిరీ చెయ్యాలని నా పంతం. తెలంగాణ ఊసెత్తితే ఒంగోలు వాడైన ప్రసాద్‌తో ఎక్కడ చెడుతుందోనని, మేమిద్దరం ఎప్పుడూ కూరల గురించే మాట్లాడుకుంటాం.

వాడు రాగి పట్టీ పక్కన పెట్టేశాడు. డొల్లను కోసి, సాపు చేసి, మధ్యాహ్నమంతా ఆకురాయితో అరగదీశాడు. లోపల అంటుకున్న మందు లేచినట్టుంది, వాడి కళ్ళ వెంట ఒకటే నీళ్ళు. ఆపమన్నాను.

"నిన్న నీకు, ఇవాళ నాకు," అని నవ్వి, మోచేత్తో తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టాడు.

ఫిజిక్స్ చదివేవాడికి ఆ కాస్త రాగి బరువు కాదని తెలియదా...

ఇంకా వాడి కళ్ళు ఎర్రగానే ఉన్నాయి. రేపు క్యాంపస్‌లో మళ్ళీ ర్యాలీ. పట్టీ తిరిగిచ్చి రావడానికి ఒక్కడే వెళ్తానంటున్నాడు. వాడి ఒంగోలు యాస విని మీదికొచ్చేవాళ్ళకు ఈ కళ్ళ సంగతి ఎవరు చెప్తారు?