తడపని స్లాబు

మే 9. వడగాలి. పొద్దున్నే గోనెసంచులు నానబెట్టాను.

ఓబులన్నా, నువ్వు పోయి నేటికి ఏడాది. దండం పెట్టడానికి రాయడం లేదు. నువ్వు మేస్త్రీగా మనం కట్టిన ఉరవకొండ బడి స్లాబు నెర్రెలిచ్చింది, ఇవాళ పగలగొట్టారట. నీవల్లే. ట్యాంకరు నీళ్లు దండగని, స్లాబు పోసిన రోజే, "వారమంతా తడిపినట్టు రాసెయ్యప్పా! సిమెంటేమన్నా నీ బుక్కు చూస్తాదా?" అని నవ్వావు. తడుపు లెక్కల బుక్కులో అలాగే రాశాను. పని ముందే ముగించావని నీకు శాలువా కప్పారు.

ఇప్పుడు నేను పనిచేసే చోట కొత్త ఇంజనీరమ్మ తడి గోనెలు కప్పించి, మనకయ్యే నీళ్లలో సగంతోనే స్లాబు నానబెడుతోంది. నా బుక్కు చూడదు, గోనె ఎత్తి చెయ్యి పెడుతుంది. మధ్యాహ్నం, "మళ్లీ తడిపినారా అన్నా?" అంది.

"రాసినా మేడమ్."

"రాసింది కాదన్నా, తడిపినారా?"

నీ పాడు అలవాటు ఇంకా నా చేతిలోనే ఉంది. సాయంత్రం తడుపు గడి ఖాళీగా ఉంచాను. ముందు పైకెక్కి గోనెలు తడిపొస్తా, ఆ తర్వాతే రాస్తా.