ఇటలీ బండి బేరం

కళింగపట్నం

ఒరే యుగంధర్,

మీ బావకున్న ఆ ఇటలీ మోటారు సైకిలు పిచ్చి వదిలించడానికి రమ్మని మొన్న ఫోను సేశాను కదా. రా గానీ, పని మారింది. ఫోనులో సెబితే మీ బావ ఇంటాడని ఉత్తరం రాస్తన్నాను.

శ్రీకాకుళంలో ఒక డాక్టరు గారు నడుం నొప్పొచ్చి దాన్ని అమ్మకానికి పెట్టారు. మా సేపల వ్యాను అమ్మేసి అది కొంటానని మీ బావ మంకుపట్టు పట్టాడు. నడిపి సూసుకోమని డాక్టరు గారు బండి ఇంటికే పంపారు. మీ బావ గార ఊరి రోడ్డు దాకా ఎల్లి, ఇంజను ఏడికి తొడలు కాలి, కుంటుకుంటా వచ్చాడు. మా అత్త దాని సుట్టూ తిరిగి సూసి, "దీనికి సేపల గంప ఎక్కడ కడతావురా?" అనడిగింది.

"మనకొద్దులే అమ్మా" అనేశాడు.

గొడవ అక్కడితో తీరిపోవాలి. కానీ బండి తిరిగి పంపించెయ్యమని తాళం సెవి నా సేతికిచ్చాడు. రోజూ మోపెడ్ మీద తిరిగి సేపలమ్మేదాన్ని, దీని సంగతేటో సూద్దామని సీర బిగించి ఎక్కాను. బీచి రోడ్డెక్కగానే అది ఒక్క దూకు దూకింది. నా పెళ్లిలో కూడా నేనంత నవ్వలేదురా. తిరిగొచ్చేసరికి అత్త గుమ్మంలో నిలబడి, "ఎనక నేను కూకోడానికి సోటుందేటే?" అంది.

వ్యాను అమ్మక్కర్లేదు. అమ్మ పెట్టిన బంగారు గాజులు బీరువాలో ఊరికే పడున్నాయి. నువ్వొచ్చి మీ బావని ఒప్పించు, అమ్మకి మాత్రం సెప్పకు. డాక్టరు గారికి ఇంకా ఆలోసిస్తన్నామని సెప్పాను. రోజూ తెల్లారగానే ఆ బీచి రోడ్డు మీదే ఆలోసిస్తన్నాను.

మీ అక్క