బండి ఎందుకు జరిపిండంటే

అల్మాస్‌గూడ,
శుక్రవారం.

భీవండిలున్న మా అమ్మ సాయమ్మకు పెద్దకొడుకు గజేందర్ కాళ్లు మొక్కి రాసేది. ఈడ అందరం మంచిగున్నం, ఆడ నువ్వు, చెల్లె పల్లవి, పిల్లలు గూడ మంచిగుండాలె. చెల్లే, ఈ ఉత్తరం అమ్మకు ఉన్నదున్నట్టు చదువు. నడుమ మింగితే నాకు తెలుస్తది.

అమ్మా, నువ్వు పంపిన నూనె మోకాళ్లకు రాస్తున్న. నొప్పి పోలే గని ఆ వాసనకు చుట్టాలు వస్తలేరు, అదొక లాభం. నా బుద్ధి మారిందా అని అడిగినవ్. మొన్న కిందింటి పట్టాభి గారికి కరెంటు ఆఫీసోన్నని ఫోన్ చేసి, బిల్లు తగ్గాలంటే ఫ్యాన్లన్నీ ఉల్టా తిప్పాలన్న. పాపం, స్టూలెక్కి చేతులతోని తిప్పుతుండె. మారలే.

ఇగ తమ్ముని సంగతి. ఫోన్ల జహంగీర్ పేరెత్తంగనే కట్ చేస్తవ్, కాయితాన్ని కట్ చెయ్యరాదు గదా. భిక్షపతి ఎల్బీనగర్‌ల కూసునేది జహంగీర్ పండ్ల బండి కాడనేనా, అది ఇడిస్తెనే బోనాలకు ఇంట్ల కాలు పెడ్తనని రాయించినవ్. నిజమే, ఆ జహంగీర్ భాయ్ బండే. రెండేండ్లాయె. తమ్ముని చెప్పుల దుకాణం మూతవడ్డప్పుడు మనోళ్లెవ్వలు మొఖం చూపియ్యలే. ఆయనే వచ్చి, నేను నెడ్త, నువ్వు కూసోని తరాజుతోని పండ్లు జోకు అన్నడు. భాయ్‌కి ఒక చెవు ఇనరాదు. గిరాకి ఏమడిగిండో రెండో చెవుల వీడు చెప్తడు. ఇద్దరు మొగుడుపెండ్లాల లెక్క కొట్లాడుకుంటరు.

నీ ఉత్తరం చూసిన తెల్లారి తమ్ముడు ఆయనతోని, అమ్మ వద్దంటుంది, రేపటిసంది రానన్నడు. భాయేమో, తల్లి మాట ఇనాలె అని వాని సంచిల నాల్గు బత్తాయిలు ఏసిండు. నేను ఆడనే ఉన్న. ఇగ ఓర్వలేకపోయిన.

అమ్మా, దిల్‌సుఖ్‌నగర్‌ల బాంబులు పేలి తమ్ముని కాలు పోయిన నాడు, పేలుడుకు జర ముంగట జహంగీర్ తన బండిని ఆడికెళ్లి జరిపిండని, వానికి ముందే ఎరుకని బస్తీ అంత అన్నది. పోలీసోళ్లు ఆయనను పట్టుకపోయిన్రు. వాళ్ల దెబ్బలకే ఆ చెవు పోయింది. నలభై దినాలకు ఇతని తప్పేం లేదని ఇడిచిన్రు. అయినా ఎవ్వలు నమ్మలే.

బండి ఎందుకు జరిపిండో నాకు తెలుసు. జరిపిచ్చింది నేను. "భాయ్, మున్సిపాలిటీ లారీ వస్తుంది, బండి ఎత్కపోతరు, ఉరుకు" అన్న. లారీ లేదు, ఏం లేదు. వారానికోసారి గట్ల ఉరికిచ్చి చాయ్ తాక్కుంట నవ్వేటోన్ని. ఆ దినం నా పరాచకంతోని ఆయన పానం దక్కింది, ఇజ్జత్ పోయింది.

ఒక్క మాట చెప్తే అయిపోవు. భయపడ్డ. రేపు చెప్త, ఎల్లుండి చెప్త అనుకుంట పన్నెండేండ్లు మింగిన. ఇడిచినంక ఆయన తమ్ముని చూడొస్తే, నువ్వు వాకిట్ల మన్నెత్తి ఆయన మొఖాన కొట్టి, నీ ఇంట్ల దీపం పెట్టేటోడు లేకుండ వోవాలె అని శపించినవ్. నేను తలుపెనక ఉన్న.

ఇదంత అప్పుడే, బండి కాడ ఇద్దరి ముంగట చెప్పిన. తమ్ముడు నాకెళ్లి చూడలే. భాయ్‌ని అడిగిన, నేను చెప్తెనే జరిపినవని నీకు ఎరుకే గదా, పోలీసోళ్లు కొట్టి అడుగుతుంటే నా పేరు ఎందుకు చెప్పలేదని.

ఆయన సంత్రా పండ్లు తుడుసుకుంటనే అన్నడు. "చెప్తే నిన్ను తీస్కపోదురు. దవాఖానల భిక్షపతి కాడ ఎవరుందురు? మీ అమ్మ ఒక్కతే వాన్ని ఎట్ల లేపుతది?"

గంతే. గిరాకి వస్తే అటు తిరిగిండు.

టీవీల కూసోని మంచి మాటలు చెప్పేటోళ్లను మస్తుమందిని చూసిన. తను దెబ్బలు తినుకుంట, పరాయి తల్లి ఒక్కతైతదని ఫికర్ చేసినోన్ని మాత్రం ఈయన్నే చూసిన.

తమ్ముడు నాల్గు దినాలు ఇంట్లనే కూసున్నడు. ఐదోనాడు, అమ్మకు నువ్వే రాయి, నేను చెప్ప అని మళ్ల బండి కాడికి పోయిండు. నీ మాట కాదన్నడని వాన్ని తిట్టకు.

నువ్వు రా అమ్మా. మన్ను కొట్టేదుంటే నా మొఖాన కొట్టు, వాకిట్లనే నిలవడి ఉంట. భాయ్‌ని తిట్టిన తిట్టు మాత్రం ఆయన ముంగట నువ్వే ఎనక్కి తీస్కోవాలె. ఆయన అడుగలే, ఎన్నడు అడుగడు. నేను అడుగుతున్న.

ఇట్లు,
ఆ శాపం తగలాల్సిన నీ పెద్దకొడుకు,
గజేందర్