ఆశీష్ కారులో నా తలసరి పొగ

ఫిబ్రవరి 18, భస్మ బుధవారం
ఇది చదువుతున్న నిన్నే అంటున్నా. ఈ ఎండలకి కారణం నువ్వే. నువ్వు, నీ రెండో కారు, ఖాళీ గదిలో నడిచే నీ ఏసీ. పొగ నీది, వడదెబ్బ సీతాఫల్‌మండి రేకుల ఇళ్ళది.

అందుకే ఈస్టర్ ముందు ఈ లెంట్ నలభై రోజులూ నాకు కారు ఉపవాసం, ఏసీ ఉపవాసం. చర్చిలో లేచి అందరి ముందూ చెప్పాను. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల్లో అయిదోది, 'దప్పిగొనుచున్నాను', గుడ్ ఫ్రైడే నాడు ప్రసంగించమని నాకిచ్చారు. పక్కింటి ఆశీష్ ముందు వరుసలోనే కూర్చుంటాడు. మూడు కార్లు, ఒక పెద్ద జనరేటర్. దాని పొగ మా వంటింట్లోకి. నా భార్య ప్రేమమణి రోజూ దగ్గుతుంది. ఆ పొగ సంగతి వేదిక మీద నుంచే అడుగుతాను.

"ముందు మన కారు అమ్మండి" అంది ప్రేమమణి.
"అమ్మితే ఇంకొకడు నడుపుతాడు. పొగ తగ్గదు."

ఫిబ్రవరి 24
కార్ఖానా స్టాపు నుంచి బస్సు. దారంతా నిలబడే. అద్భుతం. కండక్టర్‌కి భూతాపం వివరించాను. "జెర లోపల్కి జరుగు సార్" అన్నాడు.

మార్చి 12
బస్సు రాలేదు. ఆశీష్ కారు ఆపాడు.
"ఎక్కండి లూకన్నా, గింత ఎండల ఏందీ పరేషాన్?"
ఆలోచించే ఎక్కాను. ఆ బండి ఎలాగూ పోతోంది. ఇద్దరం కూర్చుంటే తలసరి పొగ సగం. అంటే అతని పాపం నేను తగ్గించాను.

మార్చి 16
ప్రేమమణినీ ఎక్కించాను. తలసరి మూడో వంతు.
దిగాక అడిగింది: "మన ఏసీకి గుడ్డ కప్పి వాళ్ళ ఏసీలో కూర్చోడం ఏం ఉపవాసమండీ?"
సంపద పంపిణీ అన్నాను.

మార్చి 27
ఉక్క. సాయంత్రాలు ప్రసంగం ఆశీష్ హాల్లోనే రాసుకుంటున్నాను. కరెంటు పోయింది. జనరేటర్ మోగింది, ఏసీ ఆగలేదు. జనరేటర్ పేరా కొట్టేశాను. మొహమాటం కాదు. పేరా పొడవైంది.

ఏప్రిల్ 3, గుడ్ ఫ్రైడే
నోరెండిపోయింది. దప్పిక గురించి చాలా చెప్పాను. పొగ గురించి ఒక్క ముక్క లేదు. మధ్యలో ఆశీషే లేచి నీళ్ళ సీసా అందించాడు. చల్లగా ఉంది. తాగాను.

బయట నవ్వాడు. "మమ్మల తిడ్తరేమోనని భయపడ్డ అన్నా. మంచిగ చెప్పిన్రు. రండి, దింపుతా."
ప్రేమమణి దగ్గుతూ బస్టాపు వైపు నడిచింది. నావైపు చూడలేదు.

ఏప్రిల్ 5, ఈస్టర్
లెంట్ అయిపోయినా ఉపవాసం మళ్ళీ షురూ. ఇద్దరం బస్సులోనే చర్చికి. వెళ్తూ వెళ్తూ ఆశీష్ గేటుకి అంటించిన కాగితం ఇది:

— మూడో కారు మీద పన్ను వేయాలి. ఆ డబ్బుతో బస్సులు పెంచాలి.
— ముందు రేకుల ఇళ్ళకి నీడ, నీళ్ళు. ఆ తర్వాతే ఎవరి ఈతకొలనైనా.
— జనరేటర్ గొట్టం మా వంటింటి వైపు నుంచి ఈ వారమే తిప్పాలి.
— బస్టాపులో నన్ను చూసి కారు ఆపకూడదు.
— ఆపినా తలుపు తీయకూడదు.