పెట్రోల్‌ను ఎవరూ అడగలేదు

ఫిబ్రవరి 3, సోమవారం

ఉదయం 5:10కి మోపిదేవి దాటాక కారు ఆగిపోయింది. డయాలసిస్ మొదటి షిఫ్టుకు ఆలస్యంగా చేరాం.

కారు మాధవీలతది. పాతది, సీఎన్‌జీ కిట్ బిగించింది. భర్త సముద్రం మీద వేటకు వెళ్తాడు, ఆమె కారు నడుపుతుంది. సోమ, బుధ, శుక్రవారాలు నన్నూ సౌభాగ్యమ్మగారినీ అవనిగడ్డ నుంచి బందరు ఆసుపత్రికి తీసుకెళ్ళి తెస్తుంది. మా ఇద్దరి కిడ్నీలూ పోయాయి. నేను పేపర్లో విలేకరిగా పనిచేసి రిటైరయ్యాను. ఆవిడ ఇప్పటికీ మినుము చేలు చూసుకుంటారు.

చూసినవి: ఇంజన్ కుదుపులు. రేడియేటర్ పై గొట్టం రాయిలా గట్టిపడింది. పక్కనున్న ప్లాస్టిక్ డబ్బాలోంచి నీళ్ళు పొంగాయి. చల్లారాక మళ్ళీ కదిలింది.

ఇంకోసారి ఆలస్యమైతే మా బెడ్లు వెయిటింగ్‌లో ఉన్నవాళ్ళకు ఇస్తామని, మమ్మల్ని రాత్రి షిఫ్టుకు మారుస్తామని వార్డు సిస్టర్ చెప్పింది. ఆ షిఫ్టు అయ్యేసరికి దివిసీమకు బస్సు ఉండదు. రాత్రిపూట మాధవీలతకు రావడం కుదరదు, ఇంట్లో చంటిపిల్ల.

ఫిబ్రవరి 4, మంగళవారం

మాధవీలత కారును బందరులో మెకానిక్ గిరిధర్ షెడ్డుకు తీసుకెళ్ళింది. నేనూ వెళ్ళాను. ప్లగ్గులు, థర్మోస్టాట్, రేడియేటర్ మూత అన్నీ ఇంతకుముందే మార్చాడు. ఈసారి మూత తీసి బుడగలు చూపించాడు. ఇంజన్ మూత కింది హెడ్ గాస్కెట్ పోయిందమ్మా, ఇంజన్‌లో పేలుడు ఒత్తిడి నీళ్ళలోకి తంతోంది, ఇంజన్ ఇప్పాల్సిందే అన్నాడు. వారం పైనే పడుతుందట.

బాబాయ్‌గారూ, వారం కారు లేకపోతే మీ ఇద్దరి సంగతేంటండీ అంది మాధవీలత.

గిరిధర్ చూపించినవి మూడు: గట్టి గొట్టం, బుడగలు, కుదుపులు. మూడూ నిజమే. వాటికి కారణం గాస్కెట్టేనన్నది ఇంకా అతని అభిప్రాయం. ఒక్క రోజు ఆగమన్నాను.

ఫిబ్రవరి 5, బుధవారం

చాలా ముందు బయల్దేరాం. రెండుచోట్ల ఆగాం. గేటు మూసే ముందు లోపలికి వెళ్ళాం.

రెండోసారి ఆగినప్పుడు మాధవీలత డిక్కీలోంచి క్యాన్ తీసి రేడియేటర్‌లో నీళ్ళు పోసింది. ఏ నీళ్ళని అడిగాను. ఇంటి బోరువే అంది. వాళ్ళ ఊరి బోరు ఉప్పన, తాగడానికి టిన్నులు కొంటారు. ఆ నీళ్ళలో పప్పు కూడా ఉడకదండీ అంది. పప్పు ఉడకని నీళ్ళతో కారు మాత్రం భేషుగ్గా ఉడుకుతోందే అన్నారు సౌభాగ్యమ్మగారు. బెడ్డు పోతుందన్న భయంలో ఉన్న ముగ్గురం రోడ్డు పక్కన నిలబడి నవ్వాం.

తర్వాత ఇంకొకటి అడిగాను. పెట్రోల్ మీద కూడా ఇలాగే చేస్తుందా?

మాధవీలత నన్ను వింతగా చూసింది. గ్యాస్ పెట్టించుకున్నాక పెట్రోల్ ఎవరు కొడతారు బాబాయ్‌గారూ అంది. ట్యాంకు ఎండిపోయి నెలలైందట. పొద్దున్నే స్టార్ట్ చేసేదీ గ్యాస్ మీదే. దివిసీమలో కిట్ ఉన్న కార్లన్నీ అంతేనట. గిరిధర్ కూడా గ్యాస్ మీదే పరీక్షించాడు.

అంటే ఇంతవరకూ ఒక పక్షం వాదనే విన్నాం.

ఫిబ్రవరి 6, గురువారం

అవనిగడ్డలో పెట్రోల్ కొట్టించాం. సిలిండర్ వాల్వు పూర్తిగా మూశాం. ట్యాంకులోని పంపు మూలిగి, మూలిగి, అందుకుంది.

చల్లపల్లి దాకా వెళ్ళాం. ఒక్క కుదుపు లేదు. బానెట్ ఎత్తి గుడ్డతో గొట్టం నొక్కాను. వేడిగా ఉంది, మెత్తగా ఉంది. డబ్బాలో నీళ్ళు కదల్లేదు.

అక్కడే గ్యాస్ తెరిచాం. మోపిదేవి రాకముందే గొట్టం బిగుసుకుంది. డబ్బా పొంగింది.

మళ్ళీ పెట్రోల్. మెత్తన. మళ్ళీ గ్యాస్. గట్టి.

గాస్కెట్ పోతే పెట్రోల్ మీదా ఇదే జరగాలి. జరగలేదు. నీళ్ళలోకి వస్తున్నది పేలుడు ఒత్తిడి కాదు, మండక ముందరి గ్యాసే అయి ఉండాలి. గ్యాసూ నీళ్ళూ పక్కపక్కన ఉండే చోటు కారు మొత్తంలో ఒక్కటే: రెడ్యూసర్. సిలిండర్ నుంచి వచ్చే ఒత్తిడిని తగ్గించే పెట్టె. అది చల్లబడి గడ్డకట్టకుండా ఇంజన్ వేడినీళ్ళు దాని చుట్టూ తిరుగుతాయి. మధ్యలో ఉన్నది పల్చటి గోడ.

గిరిధర్‌కు ఫోన్ చేశాను. రిపోర్టర్‌గారూ, ఇప్పుడు ఇంజన్ల మీద కూడా రాస్తున్నారా అన్నాడు. ఏం జరిగిందో వరసగా చెప్పాను. రేపు తీసుకురండి, ఒక పరీక్ష ఉంది అన్నాడు.

ఫిబ్రవరి 7, శుక్రవారం

పెట్రోల్ మీద వెళ్ళాం. టైముకి చేరాం.

సాయంత్రం గిరిధర్ రేడియేటర్ నోట్లో గాజు గొట్టం పెట్టి అందులో నీలం ద్రవం పోశాడు. కాలిన పొగ తగిలితే పసుపు రంగుకు మారుతుంది. గ్యాస్ మీద ఇంజన్ నడిపాడు. బుడగలు వచ్చాయి. నీలం నీలంగానే ఉంది.

హెడ్డు బతికిపోయిందమ్మా, కోత తప్పింది అన్నాడు మాధవీలతతో. ఆమె నవ్వుతూనే, మరి మొన్న కత్తి నూరారు కదండీ అంది. గిరిధర్ కూడా నవ్వాడు. గుడివాడలో కిట్ బిగించే శామ్యూల్ రాజ్‌కు తనే ఫోన్ చేసి పెట్టాడు.

ఫిబ్రవరి 8, శనివారం

గుడివాడ.

శామ్యూల్ రాజ్ రెడ్యూసర్ విప్పి బకెట్లో ముంచి గాలి కొట్టాడు. ఒక మూల నుంచి సన్నటి బుడగల తీగ పైకి లేచింది. మాధవీలత చప్పట్లు కొట్టింది. పక్క షాపువాళ్ళు తొంగి చూశారు.

పెట్టెను రెండు భాగాలుగా విడదీశాడు. నీళ్ళు తిరిగే వైపు తెల్లటి ఉప్పు పేరుకుంది. దాని కింద అల్యూమినియం గోడను ఉప్పు తినేసి, సూది మొనంత కన్నం. గ్యాస్ వైపు నీటి చెమ్మ. కుదుపులకూ అదే కారణం అన్నాడు. కారు నడుస్తున్నప్పుడు గ్యాస్ నీళ్ళలోకి వెళ్తుంది, ఆపాక నీళ్ళు గ్యాస్ వైపు ఊరుతాయి, పొద్దున్నే ఆ తడి ఇంజన్‌లోకి పోతుంది.

ఉప్పునీళ్ళలో చేప బతుకుద్ది గానీ అల్యూమినియం బతకదమ్మా అన్నాడు. చేపల సంగతి మాకు చెప్పకండి, పెట్టె సంగతి చూడండి అంది మాధవీలత.

కొత్త రెడ్యూసర్ బిగించాడు. రేడియేటర్ కడిగి, బోరు నీళ్ళ బదులు కూలెంట్ నింపాడు. జాయింట్లన్నిటికీ సబ్బు నురగ పూశాడు. ఎక్కడా బుడగ ఉబ్బలేదు. వారానికోసారి పెట్రోల్ మీద కూడా నడపమన్నాడు.

తిరుగుదారిలో గ్యాస్ మీదే వచ్చాం. పెడన, బందరు, చల్లపల్లి. ఎక్కడా ఆగలేదు. ఆగాల్సిన పని లేకపోయినా మోపిదేవిలో మాధవీలత కారాపి, గొట్టం నొక్కి చూసి, నన్నూ నొక్కమంది.

ఫిబ్రవరి 10, సోమవారం

గ్యాస్ మీద వెళ్ళాం. వార్డు తలుపులు తెరవకముందే చేరాం. వరసలో మొదట మేమే.

గొట్టం సౌభాగ్యమ్మగారు కూడా నొక్కారు. పూరీ పిండిలా ఉంది అని ప్రకటించారు. సిస్టర్ రాగానే ఇంజన్ కథంతా చెప్పడం మొదలుపెట్టారు. రెడ్యూసర్‌ను ప్రొడ్యూసర్ అన్నారు. నేను సరిదిద్దలేదు. మా బెడ్లు మావే.

ఫిబ్రవరి 11, మంగళవారం

రేపు తెల్లవారుజామున నాలుగింటికి కారు ముందు కోడూరు వెళ్తుంది. అక్కడ యలమంద అనే ఆయన ఎక్కుతారు. ఆయనకు ఇదే మొదటి డయాలసిస్. ముందు సీటు ఆయనకు ఇవ్వమన్నారు సౌభాగ్యమ్మగారు. నేను వెనక కూర్చుంటాను.