మూడో రౌండు, ఎడమ మలుపు

భీమవరం,
2 ఆగస్టు 2025, శనివారం.

మా మేనకోడలు తబితకు,

మామయ్య రాజరత్నం దీవించి రాయునది. ప్రభువు కృప వల్ల నేనూ, మీ అత్త సంపూర్ణమ్మా, చెరువు నీళ్లు చిలికి గాలి పట్టించే ఏరేటర్లు, షెడ్డులో బాగుకొచ్చినవి పద్నాలుగూ ఇక్కడ కులాసా. నువ్వు అక్కడ కులాసా అని తలుస్తాను అని రాయాలి గాని, నీ కాలర్ బోను పూర్తిగా అతుక్కుందని డాక్టరు చెప్పిన సంగతి మీ అమ్మ నిన్ననే ఫోన్ చేసి చెప్పేసింది. మా అక్క కడుపులో మాట నిలవదని నీకు తెలుసుగా.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేంటని నవ్వుకుంటావు. ఫోన్‌లో అయితే నేను అసలు సంగతికి వచ్చేలోగా క్లాసుంది మామయ్యా అని పెట్టేస్తావు. చెన్నైలో పిల్లలకి ఫిజిక్స్ చెప్పేదానివి, కాగితం మీద ఉన్నది చివరిదాకా చదివే అలవాటుంటుందని ఇలా రాస్తున్నాను. దీన్ని బండి సీటు కింద పనిముట్ల సంచిలో పెడుతున్నాను. ఇది నీ చేతిలో ఉందంటే నీ ఎర్ర బండి నీ ఎదురుగా ఉన్నట్టే.

అవును, అమ్మలేదు. టైరు జారేది నాకు తెలియడం లేదు, రేస్ ట్రాక్ మీదకి నేను పనికిరాను, బాగుచేసి అమ్మేయి మామయ్యా అని జూన్‌లో మెసేజ్ పెట్టావు. బాగుచేయడం వరకే నీ మాట విన్నాను. రొయ్యల చెరువుల వీరభద్రరాజు గారి అబ్బాయి రవితేజ రెండుసార్లు వచ్చి బండి చుట్టూ తిరిగాడు. ఏంటండీ రత్నం గారూ, షోరూములో ఉన్నట్టు చేశారు, నాకిచ్చేయండి అన్నాడు. ఇది అమ్మేది కాదండి, ఎక్కే మనిషి చెన్నైలో ఉందండి అన్నాను. ఉక్రోషంగానే వెళ్లాడు.

ఇక పని సంగతి. రైల్లో పార్సిల్ వేయించుకుని నేను తెచ్చుకున్న నాడు ఎడమ వైపంతా చెక్కుకుపోయి ఉంది. క్లచ్ లివర్ విరిగింది, హ్యాండిల్ వంగింది, రేడియేటర్ మూల నొక్కుకుపోయింది, పై తొడుగు మూడు చోట్ల పగిలింది. తొడుగు కొత్తది తెప్పించాల్సిందేనని నీ స్నేహితులు అన్నారట. చెరువు అడుగున పరిచే ప్లాస్టిక్ షీట్లని వేడిగాలి గన్నుతో అతికించే ఊరు మనది. లోపలి వైపు నుంచి అతికించి, నున్నగా రుద్ది, రంగు కొట్టాను. పైన వేలితో రాసి చూడు. ఎక్కడ పగిలిందో చెప్పగలిగితే నా పేరు మార్చుకుంటాను.

ముందు బ్రేకుకి రబ్బరు గొట్టం తీసేసి నువ్వు ఎప్పటినుంచో అనుకుంటున్న స్టీలు అల్లిక గొట్టం వేశాను. కొత్త బ్రేక్ ఆయిల్ పోసి లోపల గాలి బుడగ ఒక్కటి కూడా లేకుండా తీశాం. తీశాం అన్నాను చూశావా, మీ అత్త లివర్ నొక్కి పట్టుకుంటే నేను కింద నట్టు వదిలాను. పట్టు, వదులు, పట్టు, వదులు అని గంటన్నర. ముప్పై ఏళ్ల కాపురంలో ఇంతసేపు మీరు చెప్పినట్టు నేను వినడం ఇదే మొదలండి అంది ఆవిడ.

రేడియేటర్‌లో కూలెంట్ పోయకూడదని, ట్రాక్ మీద కారితే వెనకొచ్చేవాళ్లు జారతారని, ఉత్త నీళ్లే పోయాలని నువ్వు చెప్పింది గుర్తుపెట్టుకున్నాను. మన బోరు నీళ్లు పోస్తే మూడు నెలల్లో రేడియేటర్ తినేస్తాయి. అందుకని బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ తెచ్చి, రాజు గారి చెరువు దగ్గర ఉప్పు శాతం చూసే మీటరు అడిగి తెచ్చుకుని, అందులో ఒక చుక్క వేసి చూశాను. సున్నా. మీ ట్రాక్‌కి వచ్చే బండ్లలో ఇంత పరీక్ష పాసైన నీళ్లు ఇంకెవరి దాంట్లోనూ ఉండవు.

ఆయిల్ దించే బోల్టుకి సన్న తీగ మెలేసి కట్టకపోతే తనిఖీలోనే బండి ఆపేస్తారని నువ్వు మొదటిసారి చెప్పినప్పుడు నాకు రోషం వచ్చింది. రాజరత్నం బిగించిన బోల్టుకి తాడు కట్టడమేంటి అనుకున్నాను. ముప్పై ఒక్క ఏళ్లుగా ఈ చుట్టుపక్కల చెరువుల ఏరేటర్లు చూస్తున్నాను, నా చెయ్యి పడిన పని మళ్లీ షెడ్డుకి తిరిగి రాలేదు. ఈ మాట నీకు కొన్ని వందలసార్లు చెప్పి ఉంటాను. అయినా ఈసారి తీగ నేనే కట్టాను. బిగింపు ఎంతో కొలిచే టార్క్ రెంచి కూడా తెప్పించి, నా చేత్తో బిగించిన పదకొండు బోల్టుల్ని దాంతో సరిచూశాను. నాలుగు అచ్చంగా సరిపోయాయి. మిగతా ఏడింటి సంగతి నువ్వు అడగకు, నేను చెప్పను. సరిచూసిన ప్రతి బోల్టు మీదా చర్చి గేటుకి వేయగా మిగిలిన పసుపు రంగుతో గీత పెట్టాను. గీత తప్పిందంటే బోల్టు వదులైనట్టు.

వెనక టైరు బాగానే ఉందిగా అంటావు. ఉంది. అయినా కొత్తది వేశాను. చైను కూడా కొత్తదే. నువ్వు వాడే పల్చటి స్ప్రే డబ్బా సంచిలో ఉంది, చైనుకి నేను ఏమీ రాయలేదు.

ఇప్పుడు ఆ జూన్ ఒకటో తారీకు సంగతి. దాని గురించి మనం సరిగ్గా మాట్లాడుకోలేదు. నన్ను ట్రాక్‌కి తీసుకెళ్లిన రోజున నా సంచిలో అన్నం క్యారేజీ, కొత్త తువ్వాలు, గ్రీజు డబ్బా చూసి, ఇది రొయ్యల చెరువు కాదు మామయ్యా అని నవ్వావు. అక్కడ ఇరవై రెండు బండ్లు, అద్దాలూ ఇండికేటర్లూ విప్పేసి, దీపాలకి టేపు అంటించుకుని నిలబడ్డాయి. ఆడపిల్లలు ఇద్దరే. మొదటి విడతలో నువ్వు తొమ్మిదో దానివిగా వెళ్లి ఆరో దానివిగా వచ్చావు. ఇది పందెం కాదు, ఎవరూ లెక్క పెట్టరు అన్నావు. నేను లెక్క పెట్టాను. ఆ ఎడమ మలుపులో వంగినప్పుడు నీ మోకాలికీ నేలకీ మధ్య బెత్తెడు కూడా లేదు. కంచె దగ్గర నా పక్కన నిలబడ్డ తమిళాయనతో ఆవిడ మా అక్క కూతురండి అని మూడుసార్లు చెప్పాను. ఆయనకి తెలుగు రాదు. మూడోసారికి ఏం అర్థమైందో గాని నా చెయ్యి పట్టుకుని ఊపాడు. చిన్నప్పుడు సైకిల్ దిగి కాలవ వంతెన దాటేదానివి, భయమని. నా గుండె అంత పెద్దదైన రోజు ఇంకొకటి లేదు తబితా.

తర్వాత మిమ్మల్నందర్నీ క్లాసుకి పిలిచారు. నేను బండికి కాపలా ఉన్నాను. రెండో విడతలో, మూడో రౌండులో, అదే మలుపులో పడ్డావు. నేర్పే ఆయన వచ్చి థ్రాటిల్ తొందరపడి ఇచ్చావమ్మా అన్నాడు, నువ్వు తలూపావు. రెండు నెలలుగా ఆ మాటే పట్టుకుని కూర్చున్నావు.

నీ స్నేహితురాలు తీసిన వీడియో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఇంజన్ శబ్దం ఎక్కడ పెరిగిందో నా చెవికి తెలుసు. మొదటి విడతలో థ్రాటిల్ ఎక్కడ ఇచ్చావో పడిన రౌండులోనూ అక్కడే ఇచ్చావు, జానెడు అటూ ఇటూ లేదు. మరి ఎందుకు పడ్డాను అంటావు. పడ్డ ప్రతిదానికీ కారణం దొరుకుతుందా ఏంటి. దాని సంగతి వదిలేయి.

ఇక్కడ నీ పేరు మోగుతోంది. హెల్మెట్ తీయగానే విరిగిన ఎముకతో ముందు బండి ఎలా ఉందని అడిగావని చర్చిలో ఆరాధన అయ్యాక పాస్టరు గారితో చెప్పాను. త్రిమూర్తులు గారి హోటల్లో నీ వీడియో చూడనివాళ్లకి టీ లేదు. మీ అత్త మాత్రం ఆ కొత్త తువ్వాలు ఏదండీ అని ఇంకా అడుగుతూనే ఉంది. ఆసుపత్రి హడావిడిలో పోయిందన్నాను.

ఈ నెల ఇరవై నాలుగు, ఆదివారం, మళ్లీ ట్రాక్ రోజు ఉందని మీ అమ్మ ఫోన్‌లో చూసి చెప్పింది. పేరు ఇవ్వు. రైల్వే వాళ్ల రూలు ప్రకారం ట్యాంకులో చుక్క పెట్రోలు లేకుండా పంపుతున్నాను. పోసుకుని, ఎక్కి, ఆ ఎడమ మలుపు ఒక్కసారి దాటు. ఆ తర్వాత కూడా వద్దనిపిస్తే అప్పుడు రవితేజకే ఇచ్చేద్దాం.

ఇట్లు,
నీ పేరు చెప్పుకుని మీసం దువ్వుకునే
మామయ్య రాజరత్నం

తా.క. కవరు అంటించేశాను. మీ అత్త మళ్లీ తువ్వాలు అడిగింది. ఈసారి షెడ్డులోకి తీసుకెళ్లి చూపించాను, నీ పాత టైరులో చుట్టి దాచి ఉంచాను. జరిగిందంతా చెప్పాను. కవరు చింపి, పెన్నుతో సహా తెచ్చి నా ముందు పెట్టింది.

క్లాసుకి వెళ్తూ, ఏమీ ముట్టుకోకు మామయ్యా అన్నావు. నీ చైను నాకు పొడిగా కనపడింది. ఉప్పునీళ్ల మీద బతికేవాడికి పొడి ఇనుము కనపడితే చెయ్యి ఆగదు. డబ్బా తీసి, ఏరేటర్‌కి పట్టించినట్టు రెండు వేళ్లతో చైను పొడుగునా గ్రీజు మెత్తాను. ఏరేటర్ మెల్లగా తిరుగుతుంది. నీ చక్రం ఎంత వేగంగా తిరుగుతుందో, ఆ గ్రీజు ఎగిరి ఎక్కడ పడుతుందో ఆలోచించలేదు. చైను ఉండేది ఎడమ వైపు. రెండు రౌండ్లు తిరిగేసరికి టైరు ఎడమ అంచంతా జిడ్డయింది. కుడికి వంగినంతసేపు నీకేం కాలేదు, ఎడమకి వంగినప్పుడు పట్టు దొరకలేదు.

పడ్డ బండిని ట్రాక్ వాళ్లు తమ వ్యానులోంచి దింపగానే నల్లటి ఆ జిడ్డు చూశాను. ఎవరూ చూడకముందే తువ్వాలుతో తుడిచేశాను. అప్పుడే నేర్పే ఆయన థ్రాటిల్ అన్నాడు. నువ్వు తలూపావు. నీ పక్కన నిలబడి నేనూ తలూపాను.

టైరు జారేది నీకు బాగానే తెలుసు తబితా. నువ్వు పడలేదు, నేను పడేశాను. ముప్పై ఒక్క ఏళ్లలో నా చేతి పని ఒక్కసారి తిరిగొచ్చింది, అది నీ బండి. ఈ ఒక్క మాట చెప్పకుండా రెండు నెలలు నీ చేత నిన్నే తిట్టించాను, అందుకు సిగ్గుపడుతున్నాను. ఈ కాగితం ఆ నేర్పే ఆయనకి కూడా చూపించు. తిట్టాలనుంటే ఫోన్ చెయ్యి, ఎత్తుతాను.

ఇరవై నాలుగున చైను నువ్వే చూసుకో, ఇంకో చెయ్యి పడనివ్వకు. రమ్మంటే వస్తాను. గ్రీజు డబ్బా ఇంట్లోనే పెట్టి వస్తాను.