నల్లపిడి కత్తెర

ధర్మవరం,
9-11-2025, ఆదివారం.

పూజ్యులైన నాయనకు చిన్న కూతురు సుకన్య నమస్కారాలు.

ఇక్కడ నేనూ, మా అత్తా క్షేమం. పెనుకొండలో నువ్వూ, నీ మోకాళ్ళూ, నీ అంగట్లో కుట్టుమిషనూ క్షేమమని తలుస్తాను. నీ ఉత్తరం గురువారం అందింది. ఫోన్ చేద్దామనే అనుకున్నాను. కానీ ఫోన్‌లో నీకు సగం వినపడదు, వినపడని సగానికి కూడా సరేలేమ్మా, సరేలేమ్మా అంటావు. ఇప్పుడు నేను చెప్పబోయేది సరేలేమ్మా అంటే తీరిపోయేది కాదు, అందుకే కాగితం తీశాను. మర్యాదలు ఇంతటితో అయిపోయాయి. ఇక కళ్ళజోడు పెట్టుకుని నా కోపం చదువు.

ఎవర్ని అడిగి నువ్వీ పంచాయితీ చేశావు?

ఇరవై ఒకటో తేదీ శుక్రవారం మగ్గం మీంచి నా మొదటి చీర దిగుతుందని అత్త నీకు కబురు చేసింది. అంతవరకు బాగానే ఉంది. ఈ ఇంటి పద్ధతి నీకు తెలుసు. కొత్తగా పోగులెక్కించిన మగ్గం మీద మొదటి చీరను నేసిన మనిషి కోయకూడదు. వాళ్ళ తోబుట్టువు వచ్చి కోయాలి. నాకున్న తోబుట్టువు రాధికక్క ఒక్కతే. అందుకని నువ్వు బస్సెక్కి హిందూపురం పోయావు. ఏడాదిన్నరగా మాట్లాడని పెద్దకూతురి ఇంటికి పోయి, ఆమె గార్మెంట్స్ డ్యూటీ ముగించుకుని వచ్చేదాకా వాకిట్లో కూర్చున్నావు. వచ్చాక కనీసం బాగున్నావా అని అడిగావో లేదో గానీ షరతు మాత్రం పెట్టావు. శుక్రవారం పొద్దున ధర్మవరం రావాలి, వీధిలో అందరి ముందు మా ఉలిగమ్మత్త కాళ్ళు పట్టుకోవాలి, తప్పయిపోయిందని చెప్పాలి, ఆ తర్వాతే కత్తెర ముట్టుకోవాలి అని.

ఆమె ఒక్క మాట ఎదురు చెప్పకుండా తలూపిందని రాశావు. అదేదో శుభవార్త అయినట్టు దాని కింద పెన్నుతో గీత కూడా గీశావు. ఆ గీత దగ్గరే నాకు ఒళ్ళు మండింది. ఎందుకు తలూపింది? నోరు లేదా ఆమెకు? నాలుగువందల మంది ఆడవాళ్ళ మధ్య సూపర్‌వైజర్‌తో గట్టిగా మాట్లాడి సెలవు తీసుకునే మనిషి, నీ ముందు మాత్రం ఎందుకు మూగదైంది? ఆ తలూపడం నాకు అక్కర్లేదు. ఆ క్షమాపణ కూడా నాకు అక్కర్లేదు.

నీకు బట్ట కత్తిరించడం తెలుసు, బట్ట పుట్టడం తెలియదు. ఆ రోజు ఈ ఇంట్లో ఏం పోయిందో నీకు ఎవరూ సరిగ్గా చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఇప్పుడు విను. ఒక పడుగు, అంటే మగ్గం మీద పొడుగునా పరిచిన పోగులు, నేయడం అయిపోతే పాత పోగుల కొసలను మగ్గంలోనే ఉంచుతారు. కొత్త పడుగు వచ్చినప్పుడు వేళ్ళకు బూడిద అద్దుకుని, ఒక్కో కొత్త పోగును ఒక్కో పాత కొసకు మెలితిప్పి అతుకుతారు. నాలుగువేల పైచిలుకు పోగులు. అన్నీ అతికి లాగితే పాతవి నడిచిన దారిలోనే కొత్తవి వచ్చేస్తాయి. ఆ కొసలు కోసేస్తే దారి పోయినట్టే. అప్పుడు ప్రతి పోగునూ మొదట్నుంచీ వెనుకనున్న దారపు కళ్ళలోంచీ, ముందున్న దువ్వెనలాంటి పన్నె పళ్ళ సందుల్లోంచీ చేత్తో లాక్కోవాలి.

నీ అల్లుడు శివప్రసాద్ చివరగా కూర్చున్నది ఆ అతుకుల దగ్గరే. రెండు రోజులుగా ఎడమపక్క నొప్పి అంటూనే ఉన్నాడు. ఆసుపత్రికి పోదాం పద అంటే, గ్యాస్ లేమ్మే, ఇంగ రవ్వంతే ఉండాది, అతికేసి పోదాం అన్నాడు. మొదటి రోజూ అదే మాట, రెండో రోజూ అదే మాట. మూడో రోజు పొద్దున బూడిద చేతులతోనే పక్కకు ఒరిగాడు. అనంతపురం దారిలో ఆటో సగం దూరం కూడా పోలేదు. ఇంటికి తెచ్చాక చూస్తే ఇంకా రెండు జానల వెడల్పే అతకాల్సి ఉంది.

పదమూడో నాడు మధ్యాహ్నం చుట్టాలందరూ వెళ్ళిపోయారు. అక్క ఒక్కతే ఉండిపోయింది. అత్త కొళాయి దగ్గరికి పోయి బిందెతో తిరిగొచ్చేసరికి మగ్గం దగ్గర అక్క నిలబడి ఉంది. చేతిలో నా కత్తెర, నా పెళ్ళికి నీ అంగట్లోంచి తెచ్చి ఇచ్చిన నల్లపిడి కత్తెర. మగ్గానికి ఇటు సగం, అటు సగం పోగులు తెగి వేలాడుతున్నాయి. బిందె కింద పడేసి, నా కొడుకు కడాకు చేసిన పనిని నాశనం చేసిరే అని అత్త పెట్టిన కేకకు వీధంతా లోపలికొచ్చింది. నేను గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాను. ఎవరమ్మా ఈ పని చేసింది అని ఎవరో అడిగారు. నేను చెయ్యెత్తి అక్క వైపు చూపించాను.

వీధికి అంతకన్నా ఏం కావాలి. చెల్లెలి కాపురం చూసి ఓర్వలేకపోయిందన్నారు. కాదు, చెల్లెల్ని హిందూపురం తీసుకుపోయి గార్మెంట్స్‌లో పెట్టాలని ఎత్తు వేసిందన్నారు. నువ్వు సాయంత్రానికి పెనుకొండ నుంచి దిగి, ఏం జరిగిందని ఒక్క ముక్క అడక్కుండా ఆమె చెంప మీద కొట్టావు. నలభై దాటిన మనిషిని, వీధి మధ్యలో. ఆమె ఆ కత్తెర చేతిలో అలాగే పట్టుకుని బస్టాండుకు నడిచిపోయింది. ఆ నడక నేను తలుపు సందులోంచి చూశాను.

సరే, ఇక నా సంగతి. నేను మారానని, గట్టిపడ్డానని, నీకు చాలా సంతోషంగా ఉందని రాశావు. అది చదివి నీ ఉత్తరాన్ని ఉండ చుట్టి మూలకు విసిరాను. మళ్ళీ పోయి తెచ్చుకుని మోకాలి మీద పెట్టి సాపు చేశాను. ఈ ఏడాదిన్నరలో ఈ మాట చెప్పని వాళ్ళు లేరు. ఏడాది పైగా నేను గోడవైపు తిరిగి పడుకున్నప్పుడు, కాలం అన్నీ మరిపిస్తుందని చెప్పి కాఫీ తాగి పోయిన వాళ్ళే, ఇప్పుడొచ్చి ఎంత మారిపోయావో సుకన్యా అంటున్నారు. కాలం నాకేమీ చేయలేదు. చేసింది జమ్రూద్.

జమ్రూద్ మా వెనక వీధిలో ఉంటుంది. ఇంటింటికీ పోయి పడుగులు అతికే పని. ఈ సెప్టెంబరు ఆఖర్లో ఒకనాడు పొద్దున్నే కొబ్బరిచిప్పలో బూడిదతో వచ్చి నా తల దగ్గర నిలబడింది. ఏమ్మే, లేచ్చావా, నీళ్ళు తెచ్చి పొయ్యాల్నా అంది. మగ్గం నాకొద్దు, అమ్మేస్తానన్నాను. అమ్ముకో, నాకేం, తెగిన పోగులతో ఎవురు కొంటారు, ముందు సరిచేసి ఆనక అమ్ముకో అంది. నేను ఆమె మీద ఎంత అరిచానో ఇప్పుడు రాయలేను. ఆమె పట్టించుకోలేదు. వెనక తాను కూర్చుని ఒక్కో పోగు అందించింది, ముందు నేను కూర్చుని లాగాను. మధ్యలో ఒక్క పోగు తప్పితే ఆపైన వందలు తప్పుతాయి. అలా మూడుసార్లు తప్పాను, మూడుసార్లూ విప్పించింది. ఇరవై మూడు రోజులు పట్టింది. నా కళ్ళు వాచాయి, వేళ్ళ కొసలు చీలాయి. కోపం ఉంటే మంచిదేలే, చేతులు వణకవు అనేది.

పోగులు ఎక్కాయి గానీ నేసేవాళ్ళు కూర్చునే మగ్గం గుంతలో కాళ్ళు పెట్టడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. పదహారేళ్ళు నేను పక్కన కూర్చుని అంచు పోగును నడిపే నాడె అందించినదాన్నే. చీర మాత్రం శివప్రసాద్ నేశాడనేవారు. ఆ గుంత నా కొడుకుది, ఆడ నువ్వు కూచునేది లేదు అని అత్త మూడు రోజులు అన్నం తినలేదు. నాలుగో రోజు నేను కూర్చున్నాను. రెండు గజాలు నేశాక చూసుకుంటే అంచు పాము పోయినట్టు వంకర్లు పోయింది. ఒక్కదానివి రెండు చేతుల పని ఎట్ల చేస్తావే అంటూ అత్త వచ్చి పక్కన కూర్చుని అంచు నాడె పట్టుకుంది. అప్పట్నుంచీ రోజూ కూర్చుంటోంది. ఆకుపచ్చ చీర, వంకాయరంగు అంచు. మొదటి రెండు గజాలు తప్ప మిగతాది నీ అల్లుడు చూసినా వంక పెట్టడు.

ఇదీ నా మార్పు. పని నేర్చుకోవడమే మారడమైతే మారాను. నువ్వు దాన్ని మెచ్చుకోవద్దు.

ఇక అక్క మీద నా కోపం కూడా రాసేస్తాను. ఏడాదిన్నరలో ఒక్కసారైనా ఫోన్ చేసి నన్ను నాలుగు మాటలు తిట్టిందా? తిట్టదు. రెండు నెలలకోసారి హిందూపురం బస్సులో ఒక సంచి వస్తుంది. చింతపండు, వేరుశనగలు, ఒకసారి రెండు జాకెట్లు కుట్టి పంపింది, కొలత ఎక్కడా తప్పలేదు. సంచి మీద పేరు ఉండదు. మూతి కట్టిన ముడి చూసి నేను గుర్తుపడతాను. ఆ వేరుశనగలు నేను వీధిలో పంచేస్తాను. తప్పు చేసినట్టు ఒకరు అన్నీ మోసుకుంటూ పోతుంటే పక్కనున్న వాళ్ళు ఎలా బతకాలో ఆమె ఒక్కసారైనా ఆలోచించిందా?

కాబట్టి నా మాట ఇది. శుక్రవారం అక్కను ఆ షరతు మీద తీసుకురావద్దు. ఆమె ఈ వాకిట్లో అత్త కాళ్ళు పట్టుకుంటే నేను చూడను. ఆ చీరను ఎవరి చేతా కోయించను, మగ్గం మీదే ఉండనిస్తాను, నేయడం ఆపేస్తాను. నేను మొండిదాన్నని నీకు తెలుసు.

ఇట్లు,
నీ చిన్న కూతురు
సుకన్య

తా.క. సోమవారం పొద్దున రాస్తున్నాను. కవరు అంటించే ముందు మొత్తం ఇంకోసారి చదువుకున్నాను. ఇంత పొడుగు రాశాను గానీ అక్క కోసిందని నా చేత్తో ఒక్కచోట కూడా రాయలేకపోయాను. నువ్వూ వెనక్కి పోయి చూసుకో.

కోసింది నేను నాయనా. ఆ రెండు రోజులూ ఆసుపత్రికన్నా ఆయనకు ఆ పోగులే ఎక్కువయ్యాయి. పదమూడు రోజులు అవి నా కళ్ళెదుటే ఉన్నాయి. ఆయన మీద కోపం, ఆయన లేడు, పోగులున్నాయి. కత్తెర తీసుకుని ఈ చివర నుంచి ఆ చివర దాకా కోసేశాను. అక్క వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి నా చేతిలోంచి కత్తెర లాక్కుంది, సరిగ్గా అప్పుడే అత్త లోపలికొచ్చింది. ఎవరని అడిగినప్పుడు, అత్త నన్ను ఇంట్లోంచి వెళ్ళగొడుతుందన్న భయంతో నా చెయ్యి అక్క వైపు లేచింది. అక్క నన్ను చూసింది, తల దించుకుంది. నువ్వు కొట్టినప్పుడు కూడా నోరు తెరవలేదు.

ఇందాక అత్తకు చెప్పేశాను. లేచి పోయి వాకిట్లో కూర్చుంది. నా బట్టలు సర్దుకోవాలేమో అనుకున్నాను. తర్వాత లోపలికొచ్చి తన చోట్లో కూర్చుని అంచు నాడె చేతిలోకి తీసుకుంది. పొద్దెక్కతాండాది, నెయ్యి అంది. అంతే.

నువ్వు మళ్ళీ హిందూపురం పో. ఈసారి షరతు నాది. శుక్రవారం అదే వీధిలో, అదే మనుషుల ముందు అక్క కాళ్ళు పట్టుకునేది నేను. ఆమె మళ్ళీ తలూపి ఊరుకుంటానంటే ఒప్పుకోవద్దు. అందరికీ వినపడేలా నన్ను తిట్టమను. నువ్వు కొట్టిన దెబ్బకు ఏం చెప్పుకుంటావో దారిలో బస్సులోనే ఆలోచించుకో.

నల్లపిడి కత్తెర ఆమె దగ్గరే ఉంది. సానబట్టించి తెమ్మను. చీర దానితోనే, ఆమె చేత్తోనే కోయించాలి.